సయ్యాదియా: షామ్ తీరాన జాలరి అన్నం

వంటకాలకు పేర్లు ఏర్పడే తీరును పరిశీలిస్తే ఒక సమాజం ఎవరిని గౌరవించిందో కొంతవరకు తెలుస్తుంది. అబ్బాసీయుల కాలపు పాకశాస్త్ర గ్రంథాలలో రాజకుటుంబీకుల పేర్లతో వెలసిన వంటలు ఎన్నో ఉన్నాయి. ఖలీఫా మామూన్ భార్య బూరాన్ పేరుమీద ‘బూరానియా’, హారూన్ రషీద్ సోదరుడు, భోజనప్రియుడైన ఇబ్రాహీం ఇబ్నుల్ మహ్దీ పేరుమీద ‘ఇబ్రాహీమియా’, మామూన్ పేరుమీద ‘మామూనియా’ ప్రసిద్ధికెక్కాయి. వీటిలో కొన్ని నేడు పుస్తకాలలోనే మిగిలి ఉన్నాయి. కాని షామ్ దేశపు సముద్రతీరంలో ఏ రాజు పేరూ, ఏ రాణి పేరూ లేని ఒక వంటకం ఈనాటికీ ఇంటింటా పొయ్యిమీద ఉడుకుతున్నది. దాని పేరు ‘సయ్యాదియా’. ‘సయ్యాద్’ అంటే అరబ్బీలో వేటగాడు. తీరవాసుల వాడుకలో జాలరి. సయ్యాదియా అంటే జాలరివాని వంట అన్నమాట.

చేప, బియ్యం, ఉల్లిపాయ, జీలకర్ర: ఈ వంటకంలో ముఖ్యమైనవి ఈ నాలుగే. ఉత్తరాన లాజిఖియా, తర్తూస్ మొదలుకొని తరాబులుస్, బేరూత్, సైదా, సూర్, అక్కా, హైఫా, యాఫా, గాజా వరకు ఈ వంటకం పరచుకొని ఉన్నది. ఎర్ర సముద్రపు కొసన ఉన్న అఖబా పట్టణానికి ఇది ప్రత్యేక వంటకం. ఈజిప్టులోని దిమ్యాత్, ఇస్కందరియాలలోనూ, హిజాజ్‌లోని జిద్దాలోనూ ఇదే పేరుతో కొద్ది మార్పులతో వండుతారు. హజ్ యాత్రకు వెళ్లి జిద్దాలో ఆగినవారిలో కొందరైనా దీనిని రుచి చూసి ఉంటారు.

సముద్రపు వేట: ధర్మశాస్త్ర దృష్టి

ఈ వంటకం పేరులోని ‘సైద్’ అనే ధాతువు దివ్యఖుర్ఆన్‌లోనూ ఉన్నది. అల్ మాయిదా సూరా 96వ ఆయత్‌లో సముద్రపు వేట, దాని ఆహారం ధర్మసమ్మతమని, అది స్థిరనివాసులకూ ప్రయాణికులకూ జీవనసామగ్రి అని అల్లాహ్ ప్రకటించాడు. ఇహ్రాం స్థితిలో ఉన్నవారికి నేలమీది వేట నిషిద్ధమైనా, సముద్రపు వేట నిషిద్ధం కాలేదు. అన్నహ్ల్ సూరా 14వ ఆయత్, ఫాతిర్ సూరా 12వ ఆయత్ సముద్రం నుండి లభించే తాజా మాంసాన్ని దైవానుగ్రహాలలో ఒకటిగా పేర్కొన్నాయి.

చేపల వేట పరీక్షగా మారిన సందర్భమూ ఖుర్ఆన్‌లో ఉన్నది. అల్ ఆరాఫ్ సూరా 163వ ఆయత్ ఒక సముద్రతీర పట్టణవాసుల ఉదంతాన్ని తెలుపుతున్నది. శనివారం నాడు వేట మానవలసిందిగా ఆజ్ఞ ఉండగా, చేపలు ఆ రోజే ఒడ్డుకు దగ్గరగా కనిపించేవి. ఆ పట్టణం పేరు ఆయత్‌లో లేదు గాని, అది ‘ఐలా’ అని ముఫస్సిర్లలో పలువురు అభిప్రాయపడ్డారు. ఐలా అంటే నేటి అఖబాయే. సముద్రం ఇచ్చేది అనుగ్రహమైనా, దానిని పొందే పద్ధతికి హద్దులున్నాయని ఈ ఉదంతం బోధిస్తున్నది.

హదీసు గ్రంథాలలో హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఈ సందర్భంలో గమనార్హం. దైవప్రవక్త (స) హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వాన సుమారు 300 మందిని సముద్రతీరానికి పంపారు. ఇది హిజ్రీ 8వ సంవత్సరంలో జరిగిందని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. దారిలో ఆహారం తరిగిపోయింది. చివరకు రోజుకు మనిషికి ఒక్క ఖర్జూరం చొప్పున పంచవలసి వచ్చింది. చెట్ల ఆకులు రాల్చి, నీళ్లలో తడిపి తిన్నారు. అప్పుడు సముద్రం ఒక మహామత్స్యాన్ని ఒడ్డుకు విసిరింది. దాని పక్కటెముకను నిలబెడితే కిందినుండి ఎత్తైన ఒంటె సాగిపోయిందట. మొదట అబూ ఉబైదా (రజి) అది చచ్చిన జంతువు కదా అని సందేహించారు. పిదప, మనం దైవమార్గంలో ఉన్నాం, ఆకలితో నిస్సహాయులమయ్యాం కనుక తినవచ్చని నిర్ణయించారు. మదీనాకు తిరిగివచ్చి విషయం విన్నవించగా, దైవప్రవక్త (స) అది అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి అని తెలిపి, మిగిలినదానిలో కొంత తెప్పించుకొని స్వయంగా భుజించారు. ఆకలితో లేనివారు కూడా దానిని తినవచ్చని దీనివల్ల స్పష్టమైంది.

ఆ అబూ ఉబైదాయే (రజి) తరువాత షామ్ విజయయాత్రకు సేనాపతి అయ్యారు, హిజ్రీ 18లో (క్రీ.శ. 639) అమ్వాస్ మహమ్మారిలో ఆ గడ్డమీదనే కన్నుమూశారు. ఎడారి సేనకు సముద్రపు ఆహారం ధర్మసమ్మతమని తెలిసిన సంఘటనకు నాయకుడైన వ్యక్తే, ఆ తీరప్రాంతం ముస్లింల ఏలుబడిలోకి వచ్చినప్పుడు కూడా నాయకుడు కావడం విశేషం.

ఇమాముల మధ్య ఈ విషయంలో కొంత భేదాభిప్రాయం ఉన్నది. హనఫీ మస్లక్ ప్రకారం జలచరాలలో చేప మాత్రమే హలాల్. దానంతట అది చచ్చి నీటిమీద తేలిన చేపను తినడం మక్రూహ్. షాఫయీ, మాలికీ, హంబలీ మస్లక్‌లలో సముద్రజీవుల విషయంలో వెసులుబాటు ఎక్కువ. జాఫరీ ఫిఖ్హ్‌ను అనుసరించే సూర్ ప్రాంతపు షియా సోదరులు పొలుసులున్న చేపను మాత్రమే తింటారు. పొలుసులున్న చేపతో వండిన సయ్యాదియా ఇందరి పళ్లెంలోనూ నిరభ్యంతరంగా ఇముడుతుంది. ఆ తీరపు క్రైస్తవుల ఇళ్లలోనూ అదే వంట వండుతారు.

తీరం ఎలా నిండింది, ఎలా ఖాళీ అయింది

ముస్లింలు షామ్‌ను జయించిన తొలినాళ్లలో సముద్రమంటే జంకు ఉండేది. హజ్రత్ ముఆవియా (రజి) నౌకాయాత్రకు అనుమతి కోరగా హజ్రత్ ఉమర్ (రజి) నిరాకరించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో, ఎవరినీ బలవంతంగా ఓడ ఎక్కించరాదన్న షరతుమీద అనుమతించారు. హిజ్రీ 28లో (క్రీ.శ. 649) సైప్రస్ మీదికి సాగిన ఆ యాత్రలో హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) కూడా ఉన్నారు. ఆమె ఆ ద్వీపంలోనే మరణించారు. లార్నాకా వద్ద ఆమె సమాధిగా పేర్కొనే స్థలాన్ని నేటికీ ప్రజలు సందర్శిస్తున్నారు. ముఆవియా (రజి) అక్కా, సూర్ పట్టణాలను బాగుచేయించి, అక్కాలో ఓడల కర్మాగారం నెలకొల్పారు. తీరపట్టణాలు కావలి స్థావరాలుగా మారాయి. ప్రసిద్ధ ఫఖీహ్ ఇమామ్ ఔజాయీ (రహ్) బేరూత్‌లో నివసించి హిజ్రీ 157లో (క్రీ.శ. 774) అక్కడే పరమపదించారు. క్రీ.శ. 1047లో ఈ తీరం వెంట ప్రయాణించిన నాసిర్ ఖుస్రో, సైదా బజారుల అలంకరణను చూసి ఆశ్చర్యపోయాడు.

ఈ సైదా పట్టణం పేరుకు కూడా ‘వేట’ అని అర్థమిచ్చే ధాతువే మూలమని భాషావేత్తలలో పలువురి అభిప్రాయం. ఫినీషియన్ల కాలం నుండీ అది జాలరుల ఊరే.

శిలువ యుద్ధాలు ఈ తీరాన్ని తారుమారు చేశాయి. 1109లో తరాబులుస్, 1110లో సైదా, 1124లో సూర్ శిలువ యోధుల వశమయ్యాయి. 1289లో సుల్తాన్ ఖలావూన్ తరాబులుస్‌ను, 1291లో (హిజ్రీ 690) ఆయన కుమారుడు అష్రఫ్ ఖలీల్ అక్కాను తిరిగి గెలిచారు. అయితే శత్రునౌకలు మళ్లీ వచ్చి దిగకుండా ఉండేందుకు మమ్లూకులు అనేక తీరపట్టణాల కోటలను, రేవులను కూల్చివేశారు. యుద్ధనీతి దృష్ట్యా అది సబబే కావచ్చు గాని, తీరం చాలాకాలం బోసిపోయింది. సైదాకు మళ్లీ కళ వచ్చింది 17వ శతాబ్దంలో, అమీర్ ఫఖ్రుద్దీన్ మఅనీ కాలంలోనే. 1660లో అది ఉస్మానీ రాష్ట్రానికి రాజధాని అయింది. అక్కా 18వ శతాబ్దంలో జాహిరుల్ ఉమర్ పాలనలో పుంజుకొన్నది.

బియ్యం ఎక్కడిది?

షామ్ గోధుమల దేశం. అక్కడి పేదవాని ధాన్యం బియ్యం కాదు. ఉడికించి ఎండబెట్టి దంచిన గోధుమనూక, అంటే ‘బుర్గుల్’. వరి అక్కడ అసలు పండలేదని కాదు. జోర్డాన్ లోయలోని బైసాన్‌లో వరి పండుతుందని, ఫలస్తీన్, ఉర్దున్ ప్రాంతాలకు అక్కడినుండే బియ్యం వెళుతుందని 10వ శతాబ్దపు భూగోళవేత్త ముఖద్దసీ పేర్కొన్నాడు. అయినా నీరు పుష్కలంగా కావలసిన పంట కనుక అది విస్తరించలేదు. బియ్యం రావడంతో మర్యాదంతా దానికే దక్కి బుర్గుల్ ఉరిపోసుకున్నదనే అర్థంలో షామ్ ప్రజలలో ఒక సామెత ఉన్నది. బియ్యం సంపన్నుల ధాన్యంగా చెలామణి అయిందని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

మరి జాలరి పేరుగల వంటలోకి సంపన్నుల ధాన్యం ఎలా వచ్చింది? దీనికి సమాధానం ఈజిప్టులో ఉన్నది. ఉస్మానీ యుగంలో నైలు ముఖద్వారంలోని దిమ్యాత్, రషీద్ ప్రాంతాలలో వరి విస్తారంగా పండేది. దిమ్యాత్ నుండి బియ్యం బస్తాలు ఓడలలో షామ్ రేవులకు చేరేవి. కొండప్రాంతాల వారికి అందని బియ్యం రేవుపట్టణాల వారికి అందుబాటులోకి వచ్చింది. తీరపట్టణాల పునరుద్ధరణ, దిమ్యాత్ బియ్యపు వ్యాపారం, రెండు తీరాలలోనూ వంటకానికి ఒకే పేరు ఉండడం: ఈ మూడింటిని కలిపి చూస్తే, సయ్యాదియా నేటి రూపం ఉస్మానీ కాలపు రేవుజీవితంలో స్థిరపడిందని ఊహించడం సమంజసం. తీరంలో కొన్ని ఇళ్లలో దీనిని బుర్గుల్‌తోనూ వండే అలవాటు ఉండడం, బియ్యానికి ముందటి దశను సూచిస్తున్నదనుకోవచ్చు.

పాకశాస్త్ర గ్రంథాలు కూడా ఈ ఊహకు అడ్డు రావు. ముహమ్మద్ బిన్ హసన్ అల్ బగ్దాదీ క్రీ.శ. 1226లో (హిజ్రీ 623) రచించిన ‘కితాబుత్తబీఖ్’లో తాజా చేపలకు, ఉప్పుచేపలకు చోటున్నది, మాంసంతో వండే బియ్యపు వంటకమూ ఉన్నది, కాని సయ్యాదియా అనే పేరు కనిపించదు. ఆ గ్రంథానికి మన హైదరాబాదుతో ఒక అనుబంధం ఉన్నది. దావూద్ చలబీ 1934లో మౌసిల్‌లో దాని మూలాన్ని ప్రచురించగా, ఆర్బెరీ చేసిన ఆంగ్లానువాదం 1939లో హైదరాబాదునుండి వెలువడిన ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికంలో అచ్చయింది. 1927లో మొదలైన ఆ పత్రికకు తొలి సంపాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్. పిక్తాల్, ఆర్బెరీ ఇద్దరూ ఖుర్ఆన్ ఆంగ్లానువాదకులుగా లోకప్రసిద్ధులు. బగ్దాదు వంటశాలను పాశ్చాత్య పండితలోకం తెలుసుకొన్నది హైదరాబాదు పత్రిక ద్వారా అన్నమాట.

అయితే ఇటువంటి గ్రంథాలు అంతఃపురాలకు, ధనికుల విందులకు సంబంధించినవి. జాలరి గుడిసెలో ఏమి ఉడికిందో వ్రాసిపెట్టిన లేఖకుడు లేడు. అందుచేత పుస్తకంలో పేరు లేనంతమాత్రాన వంట లేదని తీర్మానించరాదు.

ఇంట్లో వండే విధానం

సైదా, బేరూత్ ఇళ్లలో వండే పద్ధతి స్థూలంగా ఇది. ఒక కిలో చేపకు అర కిలో బియ్యం, అర కిలో ఉల్లిపాయలు చాలు. తెల్లని గట్టి కండగల చేప కావాలి. మన ప్రాంతంలో పండుగప్ప గాని, వంజరం గాని తీసుకోవచ్చు. తలను, ముళ్లను పారవేయకూడదు; వంటకు ప్రాణం అవే. ముక్కలకు ఉప్పు, నిమ్మరసం పట్టించి, కొంతసేపు ఉంచి, నూనెలో వేయించి పక్కన పెట్టాలి.

ఉల్లిపాయలను సన్నగా నిలువుగా తరిగి నూనెలో ఓపికగా వేయించాలి. ఈ వంట మంచిచెడ్డలన్నీ ఇక్కడే తేలతాయి. బంగారు రంగు వచ్చేసరికి దించితే అన్నం వెలవెలబోతుంది. నల్లగా మాడనిస్తే చేదెక్కుతుంది. ముదురు గోధుమరంగు రాగానే మూడోవంతు తీసి అలంకరణకు ఉంచుకోవాలి. మిగిలిన ఉల్లిలో చేప తలలు, ముళ్లు వేసి, సుమారు లీటరుంబావు నీళ్లు పోసి, అరగంటసేపు సన్నని సెగపై మరిగించాలి. తరువాత వడకట్టి, ఉల్లిని జల్లెడలో మెదిపి రసమంతా పిండాలి. ముళ్లు జారిపడకుండా చూసుకోవాలి. ఆ రసం తేనీటి రంగులో ఉంటుంది.

అరగంట నానిన బియ్యాన్ని ఈ రసంలో రెండు చెంచాల జీలకర్ర పొడి, కొద్దిగా మిరియాలపొడి, తగినంత ఉప్పు వేసి వండాలి. రసం బియ్యానికి రెట్టింపు కొలతకు మించరాదు. పసుపు గాని, కుంకుమపువ్వు గాని వేయరు. అన్నానికి వచ్చే గోధుమరంగు ఉల్లిది. ఈజిప్టులో మాత్రం కొందరు టమాటాతో ఎరుపు చేస్తారు. అన్నాన్ని పెద్ద పళ్లెంలో పరచి, పైన చేపముక్కలు పేర్చి, దాచిన వేపుడు ఉల్లిని, నేతిలో దోరగా వేయించిన చిల్గోజాలను, అవి దొరకకపోతే బాదం పలుకులను చల్లుతారు. పక్కన నువ్వులముద్దలో నిమ్మరసం, నీళ్లు, ఉప్పు కలిపి గిలకొట్టిన ‘తరాతూర్’ ఉంటుంది.

ఈ విధానాన్ని గమనిస్తే ఇందులో ఖరీదైనవి పైన చల్లే పలుకులు మాత్రమేనని తెలుస్తుంది. అవి లేకపోయినా సయ్యాదియా సయ్యాదియాయే. మంచి చేపను బజారులో అమ్ముకొన్న జాలరికి మిగిలేవి చిన్నచేపలు, తలలు, ముళ్లు. అతని ఇల్లాలు వాటి సారాన్ని ఉల్లితో కలిపి అన్నానికి పట్టించింది. దుబారాను అల్లాహ్ మెచ్చడని ఉపన్యాసాలలో వినడం వేరు. ఒక ముల్లు కూడా వృథా పోనివ్వని వంటను తరతరాలుగా వండుతూ రావడం వేరు.

సముద్రం ఎవరిది?

నీటిలో ఉన్న చేప ఎవరి సొత్తూ కాదు, పట్టుకొన్నవానిదే అవుతుంది. అందుకే పట్టకముందే చేపను అమ్మడాన్ని ఫఖీహ్‌లు అనిశ్చితితో కూడిన వ్యాపారంగా భావించి అంగీకరించలేదు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్) ఖలీఫా హారూన్ రషీద్ కోసం వ్రాసిన ‘కితాబుల్ ఖరాజ్’లో సైతం నీటిలోని చేపల అమ్మకం గురించి చర్చించారు. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరికీ ఉమ్మడి అని తెలిపే హదీసు కూడా ఈ ఆలోచనకు ఊతమిచ్చింది.

ఈ సూత్రానికి సైదా పట్టణంలోనే 20వ శతాబ్దంలో కఠిన పరీక్ష ఎదురైంది. లెబనాన్ తీరజలాలలో ఆధునిక యంత్రనౌకలతో చేపలు పట్టే హక్కును ‘ప్రొటీన్’ అనే కంపెనీకి ఇవ్వడానికి ఏర్పాట్లు జరిగాయి. మాజీ దేశాధ్యక్షుడు కమీల్ షమూన్ ఆ కంపెనీకి పెద్దగా ఉన్నారు. చిన్నపడవల జాలరులు తమ నోటికాడి కూడు పోతుందని భయపడ్డారు. 1975 ఫిబ్రవరి 26న సైదాలో వారు ఊరేగింపు తీశారు. ఆ పట్టణపు మాజీ పార్లమెంటు సభ్యుడు మారూఫ్ సఅద్ వారితోపాటు నడిచారు. అక్కడ కాల్పులు జరిగి ఆయనకు తూటా తగిలింది. మార్చి 6న ఆయన మరణించారు. పట్టణం అట్టుడికిపోయింది. ఏప్రిల్ 13న బేరూత్‌లో అంతర్యుద్ధం రాజుకొన్నది. అది 1990 దాకా ఆరలేదు. ఆ యుద్ధానికి కారణాలు అనేకం. సైదా సంఘటన ఒక్కటే కారణమనడం సరికాదు. కాని జాలరుల ఉపాధి సమస్యను న్యాయంగా తీర్చలేని రాజ్యం ఎంత బలహీనంగా ఉండిందో ఆ రోజు బయటపడిందని చరిత్రకారులు అంగీకరిస్తారు.

వలసవెళ్లిన వంట

1948లో యాఫా, హైఫా, అక్కాల నుండి వెళ్లగొట్టబడిన ఫలస్తీనీయులలో జాలరి కుటుంబాలూ ఉన్నాయి. కొందరు గాజా చేరారు. కొందరు ఉత్తరానికి సాగి సూర్, సైదా పరిసరాలలో స్థిరపడ్డారు. సైదా పక్కన అదే ఏడాది వెలసిన ఐనుల్ హిల్వా శిబిరం లెబనాన్‌లోని ఫలస్తీనీ శిబిరాలన్నిటిలో పెద్దది. ఇల్లూ పడవా పోగొట్టుకొన్నవారు వెంట తీసుకొనిపోగలిగిన కొద్దిపాటి ఆస్తిలో వంట ఒకటి.

గాజా జాలరుల కథ మరింత విషాదకరం. 1994 ఒప్పందంలో వారికి 20 నాటికల్ మైళ్లవరకు వేటాడే హక్కు వ్రాయబడింది. ఆచరణలో అది తరుగుతూ వచ్చి 2009లో 3 మైళ్లకు కుదించబడింది. ఆపైన పెరుగుతూ, తరుగుతూ వచ్చింది. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధంలో రేవు, పడవలలో అత్యధిక భాగం ధ్వంసమయ్యాయి. సముద్రం ఇంటి ముందే ఉన్నా చేప పళ్లెంలోకి రాని స్థితి ఏర్పడింది.

బూరాన్ పెళ్లి వైభవాన్ని చరిత్రకారులు పుటలకొద్దీ వర్ణించారు. సయ్యాదియాను మొదట వండిన ఇల్లాలి పేరు ఎవరూ వ్రాయలేదు. అయినా రాజుల పేర్లు మోసిన వంటలలో కొన్ని మరుగునపడగా, శ్రామికుని పేరు మోసిన వంట నిలిచింది. దానిని నిలిపినవారు, నీటిలోని చేప ఎవరి సొత్తూ కాదని నమ్మి, చేతి కష్టంతో హలాల్ ఉపాధి సంపాదించుకొన్నవారు. వారి అన్నాన్ని మెచ్చుకొనేవారు, వారికి సముద్రంమీద ఉన్న హక్కును కూడా గుర్తించడం న్యాయం.